వాన పడిన రెండు రోజులు

"ఎర్ర సిరానా, పెన్సిలా?" మేనత్త అడగడం ఇది మూడోసారి.

"ఎర్ర సిరా అత్తా. చెప్పాను కదా."

"పెన్సిలైతే రబ్బరుకి పోయేది," అంది మేనత్త, అక్కడికేదో దారి చూపించినట్టు.

కూతురు కాలేజీ నుంచి వచ్చి అరగంటయినా భుజం మీది సంచీ దించలేదు. కిటికీ దగ్గర్నుంచి గుమ్మం దాకా, గుమ్మం దగ్గర్నుంచి కిటికీ దాకా తిరుగుతోంది. ముందుగదిలో తిరగడానికి ఉన్న జాగా ఆరడుగులు. అందులో ఒక అడుగు కుట్టుమిషనుది. వెళ్ళేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి దాని మూల మోకాలికి తగులుతోంది. తగిలిన ప్రతిసారీ ఆగి, ఎవరో కావాలని అడ్డం పెట్టినట్టు దాన్ని చూసి, మళ్ళీ నడుస్తోంది.

బల్ల మీద పద్దెనిమిది పేజీలు పడున్నాయి. పైన 'మొదటి అధ్యాయం: పరిచయం' అని ఉంది. ప్రాజెక్టుకి అది గడపలాంటిదని, గడప దాటనివ్వకపోతే లోపల ఎన్ని గదులు కట్టుకున్నా లాభం లేదని నెల రోజులుగా కూతురు ఇంటిల్లిపాదికీ చెబుతూనే ఉంది. నేపథ్యం, సమస్య, ఉద్దేశాలు, పరిధి, అన్నిటికన్నా చివర్న పరిమితులు. ఆ పరిమితుల కింద, పద్దెనిమిదో పేజీలో, ఒక వాక్యం.

'వర్షం కారణంగా రెండు రోజులు సమాచార సేకరణ నిలిచిపోయింది.'

దాని కింద ఎర్ర గీత. పక్కన మార్జిన్లో గైడు మేడమ్ ఒకే ఒక్క మాట రాసింది. 'పన్నెండోసారి.'

మేడమ్ ఈ ఏడే కొత్తగా వచ్చింది. రాగానే చేసిన మొదటి పని, డిపార్ట్‌మెంటు లైబ్రరీలో మూలుగుతున్న పాత ప్రాజెక్టులన్నీ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడమట. వేసవి సెలవులు అలా గడిపేవాళ్ళు కూడా ఉంటారు. చదివితే పదకొండింటిలో పరిమితుల కింద ఇదే వాక్యం కనిపించింది, పొల్లు పోకుండా. ఒకదాంట్లో చెప్పులు కుట్టేవాళ్ళ మధ్య వాన పడింది. ఒకదాంట్లో నడివేసవిలో ఇటుకబట్టీల దగ్గర పడింది. ఇంకొకటి మొత్తం లైబ్రరీలో కూర్చుని పాత పత్రికలు తిరగేసిన పరిశోధన. అందులోనూ పడింది.

"కప్పు కారిందేమో," అంది మేనత్త.

"అత్తా, నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వలేదే."

నిజానికి ఆవిడ నవ్వలేదు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసిన మనిషి. ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ చెవిలోంచి పోతున్నా మొహం మారకుండా కూర్చోవడం ఆవిడ వృత్తివిద్య. పింఛను తీసుకుంటూ తమ్ముడింట్లో ఉంటున్నా ఆ విద్య మాత్రం వదల్లేదు.

వంటింట్లో ఇల్లాలు బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. 'పన్నెండోసారి' అన్న మాట గోడ దాటి వచ్చినప్పుడు ఆవిడ చేతిలో చాకు ఆగింది. ముందు భయం వేసింది. ఆ వెంటనే, ఎంత సిగ్గుచేటు, సంతోషం వేసింది.

చదివారన్నమాట. ఒక మనిషి, చిట్టచివరి పేజీ దాకా, కళ్ళతో చదివారన్నమాట.

తర్వాత లెక్క చూసుకుంది. తన లెక్క ప్రకారం పద్నాలుగు వానలు ఉండాలి. మూడు, మంచి రెక్సిను అట్ట కదా అని ఎవరో ఇంటికి పట్టుకుపోయి ఉంటారు.

ఇంటాయనది కాలేజీ గేటు ఎదురుగా బైండింగు షాపు. టైపు, జిరాక్సు, స్పైరల్, అట్ట మీద బంగారు అక్షరాలు. అయితే షాపుకి పేరొచ్చింది అక్షరాలతో కాదు, 'పెద్దాయన'తో. మొదటి అధ్యాయం ఎలా మొదలెట్టాలో తెలియక గోళ్ళు కొరుక్కుంటూ వచ్చే కుర్రాళ్ళు అంశమేంటో ఒక చీటీ మీద రాసిచ్చి వెళితే, వారం తిరిగేసరికి పరిచయం తయారుగా ఉండేది. ఎవరు రాశారంటే, మా షాపుకో రిటైరైన పెద్దాయన ఉన్నారు, ఎవరితోనూ మాట్లాడరు అనేవాడు బైండరు. కుర్రాళ్ళు ఊరుకోరు కదా, ఏడాదికో ప్రశ్న వేసేవాళ్ళు. బైండరు ఏడాదికో జవాబు చేర్చేవాడు. అలా పెద్దాయనకి మొదట చూపు తగ్గింది. తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. నాలుగేళ్ళ కిందట భార్య కూడా పోయింది. ఆ వార్త తెలిసినరోజు ఇల్లాలు భోజనం దగ్గర కాసేపు మౌనం పాటించింది.

ఎందుకంటే పెద్దాయన అంటే ఆవిడే. డిగ్రీలో సోషియాలజీ చదివి, ఆ పట్టాని పెళ్ళి ఫోటోల పెట్టెలో అడుగున పెట్టుకున్న మనిషి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా, మేనత్త పడుకున్నాక, పాడైపోయిన జిరాక్సు కాగితాల వెనక పెన్సిలుతో రాసేది. రాసినవన్నీ కుట్టుమిషను సొరుగులో ఉండేవి. మూడో పరిచయం రాస్తున్నప్పుడు ఒక అనుమానం వచ్చింది. ఇవి ఎవరైనా చదువుతారా, లేక బరువు చూసి మార్కులేస్తారా? చెప్పులు కుట్టేవాళ్ళ మీద చుక్క వాన లేని నెలలో రెండు రోజుల వాన కురిపించింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత అది ఆవిడ అలవాటైపోయింది. కొందరు సంతకం పెట్టుకుంటారు, ఆవిడ వాన పెట్టుకుంది.

ఇదంతా కూతురికి తెలియదు. తెలియకపోవడమే మంచిదనుకున్నారు. కొనుక్కున్న పరిచయాలతో ప్రాజెక్టులు చేసేవాళ్ళని ఆ పిల్ల ఏమంటుందో అన్నం తినేటప్పుడు రోజూ వింటూనే ఉన్నారు. తన మొదటి అధ్యాయాన్ని అమ్మకి కూడా చూపించలేదు. ఒక్క కామా కూడా ఇంకొకళ్ళది ఉండకూడదంది.

కూతురు వంటింట్లోకి వచ్చింది. సంచీ ఇంకా భుజం మీదే ఉంది.

"నేను ఇరవై ఆరు రోజులు ఆ ఆస్పత్రి వరండాలో కూర్చున్నానమ్మా."

"నాకు తెలుసు."

"అందరూ రోగుల మీద రాస్తారు. రోగుల వెంట వచ్చి బయట కూర్చునేవాళ్ళ మీద ఎవరూ రాయరు. నేను రాశాను. నిజంగా రెండు రోజులు వాన పడింది. వరండాలోకి నీళ్ళొస్తే అందరూ కాళ్ళు బెంచీల మీదికి లాక్కున్నారు. ఒకాయన తన భార్య ఎక్స్‌రేని చొక్కాలో దాచుకుని తడిశాడు. ఓపీ మూసేశారు. నా బూట్లు నువ్వే కదా ఆరబెట్టావు."

ఆరబెట్టింది. బూట్లలో కుక్కడానికి షాపు నుంచి వచ్చిన చెత్త కాగితాలే వాడింది. వాటిల్లో తను రాసిన పరిచయం ముక్కలు రెండు మూడున్నాయని కూడా గుర్తుంది.

"ఆ మాటే చెప్పలేకపోయావా మీ మేడమ్‌తో?"

చెప్పిందట. పాత పేపరు తెచ్చి వాన పడినట్టు చూపిస్తానంది కూడా. వాన పడిందా లేదా అన్నది కాదు, ఆ వాక్యం ఎవరిదన్నదే నా ప్రశ్న అందిట మేడమ్. పైగా ఆ వాక్యం ఒక్కటే కాదు, పద్దెనిమిది పేజీల నడకా ఆ పదకొండింటి నడకలాగే ఉందట. నువ్వు గేటు ఎదురుగా ఉన్న షాపువాళ్ళమ్మాయివి కదూ అని కూడా అడిగిందట, కోపంగా కాదు, జాలిగా. ఆ జాలికే కూతురికి ఒళ్ళు మండిపోయింది.

ఆ నడక ఎక్కడ్నుంచి వచ్చిందో ఇల్లాలికి తెలుసు. ఈ పిల్ల ఆరో తరగతి నుంచి వాడిన రఫ్ నోట్సులన్నీ బైండరు షాపులో పాడైన కాగితాలతో కుట్టినవే. ఒకవైపు పిల్ల చేసిన లెక్కలు, వెనకవైపు టైపు చేసిన ఎవరివో పరిచయాలు. లెక్క రానప్పుడల్లా కాగితం తిప్పి చదువుకునేది. లెక్కలు చాలానే రాలేదు.

"సిగ్గుండాలి ఆ ముసలాయనకి," అంది కూతురు.

బంగాళాదుంప చేతిలోంచి జారి గిన్నెలో పడింది.

"ఎవరికి?"

"ఆ పెద్దాయనకే. రాసిపెట్టడమే తప్పు. పైగా ప్రతిదాంట్లోనూ అదే వానా? చదివేవాళ్ళంటే వెక్కిరింత కాకపోతే ఏంటది?"

"ఎవరైనా చదువుతారేమోనని చూశాడేమో," అంది ఇల్లాలు, చాకుని ఎగాదిగా చూస్తూ.

"నువ్వాయన్ని వెనకేసుకొస్తున్నావా?"

"నాకేం పని? ఉల్లిపాయలు అందివ్వు."

కూతురు ఉల్లిపాయలు అందించలేదు. మేడమ్ పెట్టిన షరతు చెప్పింది. రేపు పదింటికి ఆ పెద్దాయన తన గదికి రావాలి. మిగతావన్నీ నావే, ఈ ఒక్కటీ నేను రాయలేదు అని ఆయన నోటితో చెప్పాలి. చెబితే అధ్యాయం మీద సంతకం పెడుతుంది. లేకపోతే ఈ ఏడాదికి కూతురి ప్రాజెక్టు రద్దు. ప్రాజెక్టు లేకపోతే పట్టా లేదు.

"నాన్న రాగానే ఆయన ఇల్లెక్కడో అడుగుతాను. అవసరమైతే మోసుకెళ్తాను."

"మోయనక్కర్లేదులే," అంది ఇల్లాలు. అని, నాలిక్కరుచుకుంది. కూతురు వినిపించుకోలేదు.

బైండరు ఆరింటికి వచ్చాడు. వేళ్ళకి బంక అలాగే ఉంది. కాలేజీ కబురు గేటు దాటి షాపుకి ముందే చేరినట్టుంది, చెప్పులు విడవకుండానే అడిగాడు.

"అసలు ఆ వాక్యం ఎందుకు రాశావు?"

"వాన పడింది కాబట్టి."

"పడ్డ వానలన్నీ రాసుకుంటూ పోతారా ఎవరైనా?"

"పరిమితుల కింద పరిమితులే రాస్తారు నాన్నా. నువ్వు వెయ్యి ప్రాజెక్టులకి అట్టలేశావు. ఒక్కటైనా తెరిచి చూశావా?"

"అట్టవేసేవాడు తెరిస్తే బంక అంటుకుంటుంది," అన్నాడు బైండరు గంభీరంగా. మేనత్త అటు తిరిగి దగ్గింది.

కూతురు పెద్దాయన చిరునామా అడిగింది. బైండరు, ఆయన ఊళ్ళో లేరన్నాడు. ఎప్పుడొస్తారంది. చెప్పలేమన్నాడు. ఫోనుందా అంది. వినపడదన్నాడు. ఇన్నాళ్ళూ చూపు తక్కువన్నావు, చెవులెప్పుడు పోయాయంది. బైండరు భార్య వైపు చూశాడు. ఆవిడ గోడ గడియారం వైపు చూసింది.

"నీకు నీ షాపే ముఖ్యం," అంది కూతురు చివరికి. "ఆ పదకొండు అట్టలూ నీ చేతి మీదుగా వెళ్ళినవే. అందుకని ఆయన్ని దాస్తున్నావు. నన్ను దొంగనుకున్నా నీకు ఫర్వాలేదు."

ఆ మాటతో బైండరు మొహం చిన్నబోయింది. కొళాయి వాషరు పోయినట్టుంది చూడమని భార్యని పిలుస్తూ పెరట్లోకి నడిచాడు. ఆ వాషరు కిందటి వారమే మార్చారు.

పెరట్లో ఇద్దరూ కొళాయి వైపు చూస్తూ మాట్లాడుకున్నారు.

రేపు నేను వెళతాను, అంది ఆవిడ. వెళ్ళి? అన్నాడాయన. వెళ్ళి, నేనేనని చెబుతానంది. ఆయన గొంతు తగ్గించి వేళ్ళు మడిచాడు. షాపు మీద కాలేజీ కన్నుపడుతుంది, ఒకటి. ఆ పదకొండు మందిలో ఇద్దరు ఇప్పుడు మేష్టర్లు, వాళ్ళ పరువు, రెండు. మూడోది చెప్పడానికి కాస్త ఆగాడు.

"మన పిల్ల నీ మొహం చూస్తుందా?"

ఆవిడ కొళాయి తిప్పింది. నీళ్ళొచ్చాయి. కట్టేసింది. కారలేదు.

"అన్నిటికీ వాన ఎందుకు పెట్టావే?" అన్నాడాయన, నిష్ఠూరంగా కాదు, అలిసిపోయి.

"మీరు నన్ను పోయినట్టు ఎందుకు చెప్పారు?"

"పోయింది పెద్దాయన భార్య."

"పెద్దాయన నేనైతే, ఆ భార్య ఎవరండీ మరి?"

ఆయన మాట మార్చి, తన దగ్గరొక ఉపాయం ఉందన్నాడు. రోజూ షాపుకొచ్చి పేపరు ఊరికే చదివిపోయే తపాలా గుమాస్తా ఉన్నాడు కదా, రిటైరైనాయన. పొద్దుపోక అల్లాడుతున్నాడు. అడిగితే ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమేమిటి, కోటు వేసుకోవచ్చా అని కూడా అడిగాడు. వచ్చి కూర్చుని, ఇది నాది కాదమ్మా అంటే చాలు. పెద్దాయన లక్షణాలన్నీ ఉన్నాయి. శుక్లాలు నిజంగానే ఉన్నాయి.

"భార్య?"

"ఉంది."

"రేపు పదింటికి ఆవిడ కాసేపు లేనట్టేనా?"

"హాస్యాలకిది సమయం కాదు."

"మేడమ్ పదకొండూ చదివిన మనిషండీ. మీరు రాసిందొక వాక్యం చెప్పండి అని అడిగితే?"

"చూపుతో పాటు జ్ఞాపకం కూడా తగ్గిందని చెబుదాం."

ఆవిడకి తన తరఫున ఇంకొకరు కోటు వేసుకుని వెళ్ళడం వింతగా అనిపించింది. తొమ్మిదేళ్ళకి ఒక పాఠకురాలు దొరికితే, ఆవిడకి కనబడబోయేది తపాలా గుమాస్తా. నవ్వు రావాల్సింది. రాలేదు.

బైండరు ముందుగదిలోకి వెళ్ళి, పెద్దాయన్ని ఎలాగైనా రేపు పదింటికి తీసుకొస్తానని కూతురికి మాటిచ్చి, ఆ పని మీదే మళ్ళీ బయటికి వెళ్ళాడు. కూతురు మొదటిసారిగా సంచీ దించింది. థాంక్స్ కూడా చెప్పలేదు. సంచీలోంచి తన ప్రశ్నల కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టి, పద్దెనిమిదో పేజీ ముందేసుకుంది.

ఆ కట్టలో ప్రతి కాగితం మీదా మొదటి ప్రశ్న ఒకటే. 'మీరు ఎంతసేపటి నుంచి ఎదురుచూస్తున్నారు?' అది ఇంట్లో అందరికీ నోటికొచ్చేసింది. పొద్దున బైండరు స్నానాలగదిలో ఉండిపోతే మేనత్త బయట తువ్వాలుతో నిలబడి, "మొదటి ప్రశ్నకి జవాబు ఇరవై నిమిషాలు," అని కేకేస్తుంది.

ఇల్లాలు టీ పట్టుకుని వచ్చింది. వీధిలో దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. మేనత్త తన కుర్చీలో వారపత్రిక తెరిచి పెట్టుకుంది. కూతురు స్కేలు తీసుకుంది. స్కేలుని ఎర్ర గీత పైన, ఆ వాక్యానికి సరిగ్గా నడిమధ్యన ఆనించి, నల్ల పెన్ను మూత తీసింది.

"ఏం చేస్తున్నావు?"

"కొట్టేస్తున్నాను. మళ్ళీ టైపు చేయించుకుంటాను."

"ఆయనొచ్చి చెబుతాడు కదా."

"చెప్పినా, ఇది చూసిన ప్రతివాళ్ళూ పన్నెండోసారి అంటారు. ఇది లేకపోతే గొడవే లేదు."

"వాన పడింది కదా మరి."

"పడితే ఏం లాభం?" కూతురు తలెత్తలేదు. గొంతులో కోపం అయిపోయింది, అడుగున ఇంకేదో మిగిలింది. "నా వానని కూడా ఆయన ముందే వాడేశాడమ్మా. ఎక్స్‌రే చొక్కాలో పెట్టుకుని తడిసిన మనిషిని నేను చూశాను. చూసింది రాసుకుందామంటే నాకు వాక్యమే మిగల్చలేదు."

పెన్ను కాగితానికి తాకింది. 'వర్షం' మీద చిన్న నల్ల చుక్క పడింది.

ఇల్లాలు టీ కప్పు కుట్టుమిషను మీద పెట్టింది. తొమ్మిదేళ్ళలో ఆ సొరుగుని ఎవరి ముందూ తెరవలేదు. అది మొరాయించే సొరుగు. కాస్త పైకెత్తి లాగాలి. ఎత్తి, లాగింది. దారపు ఉండల కింద నుంచి పెన్సిలు కాగితాల దొంతర తీసి, కూతురి స్కేలు పక్కన పెట్టింది.

"కొట్టెయ్యకు," అంది. "నీదొక్కటే నిజం వాన. మిగతావి నావి."

కూతురు పై కాగితం చూసింది. 'ఇటుకబట్టీల్లో పనిచేసే కుటుంబాలు: పరిచయం.' ఆ దస్తూరీ ఎవరిదో తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు. ఒకటో తరగతి నుంచి తన పుస్తకాల అట్టల మీద పేరు రాసిన దస్తూరీ అదే. 'ద' తోక కొంచెం పొడుగు.

రెండో కాగితం తీసింది. మూడోది తీసింది. ఒకచోట ఆగి, వేలు పెట్టి ఏదో చదివింది. అది లెక్క రానప్పుడు తను చదువుకున్న పేరానే అయుంటుంది. తర్వాత దొంతర అంచులు సర్దింది, చాలా జాగ్రత్తగా, బైండరు కూతురు కాబట్టి.

"అత్తా," అంది తల తిప్పకుండా. "నీకు తెలుసా?"

మేనత్త పేజీ తిప్పింది. వెనకటి పేజీ వైపే తిప్పింది.

"ముప్పై ఏళ్ళు ఎక్స్ఛేంజిలో చేశాను," అంది. "కలపడమే తప్ప వినడం నా పని కాదు."

"మధ్యాహ్నాలు పడుకునేదానివి కాదన్నమాట."

"కళ్ళు మూసుకునేదాన్ని."

అరుస్తుందనుకుంది ఇల్లాలు. అరుపుకి తన దగ్గర జవాబులు ఉన్నాయి. వంటింట్లో వరసగా పేర్చుకుని ఉంచుకుంది. ఏడుస్తుందేమోననుకుంది. దానికీ ఒకటి రెండున్నాయి. కూతురు ఆ రెండూ చెయ్యలేదు. ఎదురుగా ఉన్న కుర్చీ మీది బట్టలు తీసి మంచం మీదికి విసిరి, కుర్చీని బల్లకి దగ్గరగా జరిపింది.

"కూర్చోండి," అంది.

పుట్టిన్నాటి నుంచి నువ్వు అని పిలిచిన నోట 'అండీ' వినేసరికి ఇల్లాలు కొంగు సర్దుకుని కూర్చుంది.

కూతురు కట్టలోంచి రాయని కాగితం ఒకటి తీసుకుంది. పైన తేదీ వేసింది. వరండాలో ఇరవై ఆరు రోజులు ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు ఎలా కూర్చుందో అలాగే కూర్చుంది, వీపు నిటారుగా, పెన్ను సిద్ధంగా.

"మీరు ఎంతసేపటి నుంచి ఎదురుచూస్తున్నారు?"

వేళాకోళమో, కోపమో, నిజంగానే అడుగుతోందో మొహంలో ఏమీ తెలియలేదు. ఆ విద్య మేనత్త దగ్గర్నుంచి వచ్చినట్టుంది.

"తొమ్మిదేళ్ళు," అంది ఇల్లాలు. తన చెవికే అది చాలా ఎక్కువనిపించింది.

కూతురు రాసుకుంది. ఆవిడ చెప్పిన మాట ఏమీ దిద్దకుండా, ఏమీ చేర్చకుండా రాసుకుంది. తర్వాతి గీత దగ్గర పెన్ను ఆనించి రెండో ప్రశ్న అడిగింది.

"ఎవరి కోసం?"

ఇల్లాలు నోరు తెరిచింది. చదివే మనిషి కోసం అని చెబుదామనుకుంది. అది నిజమే. కానీ ఎదురుగా నల్ల చుక్క పడ్డ పద్దెనిమిదో పేజీ కనబడుతోంది. కాగితాలు తిప్పి తిప్పి చదివిన మొదటి మనిషి ఎవరో, ఇన్నాళ్ళూ తన లెక్కలోకే రాలేదు.

వీధి తలుపు చప్పుడైంది. ముందు బైండరు, వెనక కోటు. ఆ కోటు లోపల తపాలా గుమాస్తా. రేపటికి ఒకసారి సరిచూసుకుందామని వచ్చినట్టున్నారు. గుమాస్తా గుమ్మంలోనే ఆగి, కళ్ళు చికిలించి, ఎవరు ఎక్కడున్నారో అంచనా వేసుకుని, అప్పగించిన పాఠం తడుముకోకుండా అప్పజెప్పాడు.

"పెద్దాయన్ని నేనేనమ్మా."

బైండరు చూపు కుట్టుమిషను దగ్గరికి వెళ్ళింది. సొరుగు బార్లా తెరిచి ఉంది.

మేనత్త వారపత్రిక మూసేసింది. కూతురు కాగితం మీంచి తలెత్తలేదు. ఆస్పత్రి చీటీల కిటికీ వెనకనుంచి ఇరవై ఆరు రోజులు విన్న మాటని, అదే గొంతుతో అంది.

"అక్కడ కూర్చోండి. ముందొచ్చినవాళ్ళది ఇంకా అవలేదు."